పువ్వు వేళ, వెలుగు వేళ

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

పూల ఫొటోలు తీయడం మొదలుపెట్టాలంటే ఏ కెమెరా కొనాలని చాలామంది అడుగుతారు. ప్రస్తుతానికి మీ చేతిలోని ఫోను చాలు. కొనవలసినదేమైనా ఉంటే అది మూడు నెలలు తీశాక మీకే తెలిసివస్తుంది. ముందుగా తెలుసుకోవలసినది మీ పెరట్లో ఏ మొక్క ఏ వేళకు పూస్తుందన్న సంగతి.

నాటు ఎర్ర మందారం ఉదయం విచ్చుకొని, ఒక్కపూట వెలిగి, సాయంత్రానికి వాలిపోతుంది. చంద్రకాంత పొద్దు వాలితే గాని విచ్చుకోదు. పారిజాతాన్ని కొమ్మ మీద చూడాలంటే తెల్లవారకముందే లేవాలి. లేవలేకపోయినా నష్టం లేదు, ముగ్గు మీద రాలిన పారిజాతాలు నాకు కొమ్మ మీది వాటికంటే ఇష్టం. ఇక గేటు మీదికి పాకిన రాధామనోహరాన్ని గమనించండి. సాయంత్రం తెల్లగా విచ్చుకొని, వాసనతో రాత్రి చిమ్మటలను పిలిచే ఆ పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది కనుకనే ఒకే గుత్తిలో మూడు రంగులు కనిపిస్తాయి. అదే గుత్తిని మూడు రోజులపాటు ఒకే చోట నిలబడి తీయగలగడం పెరటి తోట ఉన్నవారికి దక్కే సౌకర్యం. ఊటీ పూల ప్రదర్శనకు వెళ్ళినవారికి అది దొరకదు.

వెలుతురు విషయంలో మన ఎండ కఠినమైనది. ఎనిమిది గంటలలోపు, లేదా మబ్బు పట్టిన రోజున తీయండి. మధ్యాహ్నమే తీయక తప్పకపోతే పలుచటి తెల్ల పంచెను పువ్వుకూ సూర్యుడికీ మధ్య పట్టించండి. రేకల మీది గట్టి నీడలు మెత్తబడతాయి. నీడ పడిన వైపు ఒక తెల్ల డ్రాయింగు కాగితం నిలబెడితే అటువైపూ కాస్త వెలుగు చేరుతుంది.

ఎర్ర మందారాన్ని ఫోనుతో తీస్తే ఈనెలన్నీ మాయమై ఎర్రటి మరకలా వస్తుందని ఫిర్యాదు చేస్తుంటారు. కెమెరాలో ఎరుపును నమోదు చేసే భాగం మిగతా రంగులకంటే ముందే నిండిపోవడం దీనికి కారణం. తెర మీద పువ్వును తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి జరపండి, ఈనెలు తిరిగి వస్తాయి. నందివర్ధనానికీ ఇదే మందు: వెనకనున్న ముదురు ఆకులను చూసి ఫోను వెలుతురు పెంచేస్తుంది, రేకలు సున్నం పూసినట్టు తేలిపోతాయి.

నా మొదటి ఏడాది గులాబీలన్నింటి వెనకా ఒక నీలం ప్లాస్టిక్ బకెట్టు ఉంది. తీసేటప్పుడు అది నా కంటపడనే లేదు. పువ్వును చూసే ముందు దాని వెనక ఏముందో చూడండి, రెండడుగులు పక్కకు జరగండి, లేదా బకెట్టునే జరపండి. గాలికి కొమ్మ ఊగుతుంటే పక్కన పుల్ల గుచ్చి దారంతో వదులుగా కట్టండి. కెమెరా ఉన్నవారు షట్టరు తెరుచుకొని ఉండే సమయం సెకనులో 250వ వంతుకు మించకుండా చూసుకోండి. రేకల మీద నీళ్ళు చిలకరించి మంచు బిందువులని చెప్పుకోవడం మాత్రం నాకు నచ్చదు.

దగ్గరగా వెళ్ళేకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది. మందారాన్ని ఎదురుగా తీస్తే ముందుకు పొడుచుకొచ్చిన కేసరాల కాడ చివర మాత్రమే తేటగా ఉండి, రేకలు మసకబారతాయి. పక్కనుంచి తీయండి. అప్పుడు ఆ కాడ మొత్తం కెమెరాకు సమాన దూరంలో ఉంటుంది. చివరన అయిదు ఎర్రటి గుండ్లు, వాటి కింద పసుపు పుప్పొడి అన్నీ విడివిడిగా తెలుస్తాయి. మర్నాడు ఉదయం అదే కొమ్మ దగ్గరికి వెళ్ళి, మూసిన గొడుగులా మెలితిరిగి వేలాడుతున్న ఆ పువ్వునే మరొకసారి తీయండి. నేను దాచుకున్న మందారం ఫొటోల్లో ఎక్కువ భాగం అలాంటివే.