పాత లైనుకు కొత్త పాయింటు కలిపే ముందు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు వందనాలు, ఈరోజు ఎలక్ట్రీషియన్ శిక్షణ ముగించుకుంటున్న మీ అందరికీ అభినందనలు. పనితనం గురించి మాట్లాడమని పిలిచారు. ఆ సంగతులు మీ గురువులు నాకంటే బాగా చెప్పి ఉంటారు. నేను, కరెంటు ఎక్కడైనా లీకైతే లైను తెంచేసే ఒక్క పరికరం గురించి చెప్పడానికి వచ్చాను. ఆర్‌సీసీబీ.

కొత్త ఇంట్లో దాని గురించి చింత లేదు. డ్రాయింగ్‌లో ఉంటుంది, బిగిస్తారు. నా బాధంతా పాత ఇళ్ల గురించే. "ఒక్క ప్లగ్ పాయింటే కదా, ఉన్న లైనుకు కలిపేయండి" అంటారు ఇంటివారు. మనమూ కలిపేస్తాం. ఫ్యూజో, కరెంటు మితిమీరితే లైను తెంచే ఎంసీబీ స్విచ్చో ఉందిగా, చాలనుకుంటాం. అవి ఉన్నది తీగను కాపాడటానికి. మనిషి ఒంట్లోంచి ఆంపియరులో పదో వంతు పారుతుంటే 16 ఆంపియర్ల ఎంసీబీ కదలనైనా కదలదు. గుండె లయ తప్పడానికి ఆ పదో వంతు చాలు. ఆర్‌సీసీబీ చూసే లెక్క వేరు. ఫేజులో వెళ్లినంత కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా, లేదా? తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు లోపు, 150కి చేరితే 40 మిల్లీ సెకన్ల లోపు లైను తెంచేస్తుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ తప్పు చేశాను.

అప్పటికి పనిలో చేరి ఎక్కువ కాలం కాలేదు. మేడ ఉన్న పాత ఇల్లు. వాషింగ్ మెషీన్ కోసం కింది లైను నుంచి పాయింటు తీసి, ఆ లైనుకు ఆర్‌సీసీబీ పెట్టాను. సాయంత్రం మెట్ల లైటు వేయగానే అది ట్రిప్పయి పడిపోయింది. ఎత్తాను, మళ్లీ పడింది. "ఇన్నేళ్లూ బాగున్న లైనును పాడుచేశావు" అన్నారు ఇంటాయన. "తీసేసి డైరెక్టు ఇచ్చెయ్" అన్నాడు మా మేస్త్రీ. తీసేశాను.

ఆ మెట్ల లైటుకు ఎవరో ఎప్పుడో తీగ కలిసొస్తుందని ఫేజు కింది లైను నుంచీ, న్యూట్రల్ పై అంతస్తు నుంచీ ఇచ్చారు. 60 వాట్ల బల్బుకు దాదాపు పావు ఆంపియరు కావాలి. అదంతా ఆర్‌సీసీబీలోంచి వెళ్లి వేరే దారిన తిరిగిపోతోంది. అది పడక ఏం చేస్తుంది? ఉన్న తప్పును ఉన్నట్టు చెప్పింది. నేను దాని నోరు మూయించాను.

కొన్ని నెలలకు ఆ మెషీన్ లోపలి తీగ ఒరిసి రేకుకు తగిలింది. పాత లైనులో ఎర్త్ తీగ గోడలో ఎక్కడో తెగి ఉంది. అదీ నేను పరీక్షించలేదు. తడి నేల మీద నిలబడి ఇంటావిడ మెషీన్ మీద చేయి వేసింది. చేయి పట్టేసింది. కొడుకు పరుగెత్తి మెయిన్ దించాడు కనుక బతికింది. చూడటానికి వెళ్లాను. అరచేతి మధ్య నల్లటి మచ్చ. ఆమె నన్ను తిట్టలేదు. "ఆ రోజు నువ్వు తీసేసిన పెట్టె ఉంటే ఆగేదా, నాయనా?" అని అడిగింది. ఆగేదన్నాను. కొడుకు లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఆ మర్నాడే మెట్ల లైటు న్యూట్రల్ వెతికి సరిచేశాను. పట్టింది గంటన్నర. గంటన్నర, వినండి!

మీలో మెగ్గర్, అదే, తీగల ఇన్సులేషన్ కొలిచే మీటరు, వాడినవాళ్లు ఎందరు? చేతులెత్తండి. ఇంతేనా? అయ్యా, అమ్మా, మీకు చేతులెత్తి మొక్కుతాను, అడిగి తెచ్చుకునైనా సరే, అది లేకుండా పాత లైను ముట్టుకోకండి. ప్లగ్గులన్నీ పీకి, సరఫరా ఆపి, 500 వోల్టులతో ఇన్సులేషన్ చూడండి. ఒక్క మెగోమ్ కూడా లేదంటే ముందు లైను బాగుచేయాలని చెప్పండి. ఎర్త్ చివరిదాకా ఉందో లేదో చూడండి. ఆర్‌సీసీబీ దాటిన న్యూట్రళ్లను ఉమ్మడి లింకులో, అంటే న్యూట్రల్ తీగలన్నీ బిగించే పట్టీలో, కలపకండి, వాటికి వేరే లింకు పెట్టండి. ఇల్లంతటికీ ఒక్కటే ఆర్‌సీసీబీ పెడితే, ఎక్కడో చిన్న లీకేజీకి ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆగిపోతాయి. విసిగి ఇంటివారే పీకించేస్తారు. మీరు మార్చిన లైనుకు ఆర్‌సీబీవో పెడితే సరి, ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండింటి పనీ అదే చేస్తుంది.

ఒక్కటి దాచకూడదు. ఫేజునూ న్యూట్రల్‌నూ చెరో చేత్తో పట్టుకున్నవాణ్ణి ఇది కాపాడలేదు. టెస్ట్ బటన్ నొక్కితే పడిందని ఎర్త్ బాగుందనీ అనుకోకండి. ఈ రెండూ ఇంటివారికి చెప్పి, ఆ బటన్ వాళ్ల చేతే నొక్కించి రండి.

సమయం అయిపోయిందని చీటీ పంపారు. ఇంకో అయిదు నిమిషాలు ఇప్పించండి. మెట్ల లైటు న్యూట్రల్ ఎలా పట్టుకోవాలో బోర్డు మీద గీసి చూపిస్తాను. ఎవరైనా సుద్దముక్క అందించండి.