మోటారు ఆపిన రాత్రి

శ్రోతలకు నమస్కారం.

చిన్న నగరంలో బతుకు బాగుపడడానికి సాంకేతిక పరిజ్ఞానమూ, నలుగురూ కూడి చేసే పనీ ఎలా అక్కరకొస్తాయో చెప్పమని నన్ను అడిగారు. నగరమంతటి గురించీ చెప్పడానికి ఈ కాస్త సమయం చాలదు కనుక, చిత్తూరులో మా వీధి గురించే చెబుతాను. అందులోనూ ఒక బోరు, ఒక టేపు, వారానికి ఒక రాత్రి, ఇంతవరకే చెబుతాను.

చిత్తూరు 2012లో నగరపాలక సంస్థ అయింది. పేరు పెద్దదయింది కానీ, ఊరి మధ్యగా పోయే నీవా నదిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. నా చిన్నతనంలో కట్టమంచి చెరువు నిండిందంటే, దిగువ వీధుల్లోని చేదబావుల్లో తాడు పొడవు తగ్గించుకునేవాళ్ళం. ఆ బావులు ఇప్పుడు చాలావరకు పూడిపోయాయి. వాటి బదులు ఇంటికొక బోరు వచ్చింది. ఒకరు 600 అడుగులు వేస్తే, పక్కవారు 800 వేస్తారు. ఆ పక్కవారు అప్పుచేసి 1,000 దాకా పోతారు. మనది రాతి నేల. రాయి నీళ్ళను పుట్టించదు; పైన కురిసిన వాన పగుళ్ళ గుండా కిందికి దిగితేనే కింద నీళ్ళుంటాయి. ఆ పగుళ్ళు ఒక ఇంటి కింద మొదలై ఇంకో ఇంటి కింద తేలుతాయి కనుక, ప్రహరీ గోడలు మనకే గానీ నీళ్ళకు లేవు.

మూడేళ్ళ కిందట వేసవిలో మా బోరు నీళ్ళకు బదులు గాలి పోయసాగింది. ఇంకో 200 అడుగులు దింపమని అందరూ సలహా ఇచ్చారు. అసలు నీళ్ళు ఎంత లోతున ఉన్నాయని నేను అడిగితే మాత్రం, ఆ ప్రశ్నకు మా వీధిలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. బోరు ఎంత లోతో అందరికీ తెలుసు. అందులో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో ఎవరికీ తెలియదు.

అప్పుడు నాకు ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది. 2006 నుంచి 2010 వరకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. వాటిలో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఒకటి. భూగర్భ జలాల లెక్కను రైతులే చూసుకోవడం ఆ పథకం సారం. ఊళ్ళో ఒక వానకొలత డబ్బా ఉండేది. ఎంపిక చేసిన బోర్లలో రైతులే నీటిమట్టం కొలిచి, ఆ అంకెలను అందరూ చూసేలా గోడమీద రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని, నేలలో నీళ్ళు ఎన్ని ఉన్నాయి, అనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క వేసేవారు. వరి వేయవద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. అంకె గోడమీద ఉండేది, నిర్ణయం రైతుది. ఆ రోజుల్లో నేను ఉపాధ్యాయుడిగా పనిచేసిన పల్లెలో ఒక పెద్దాయన ఇలాగే తన బోరును కొలుస్తుండగా దగ్గర నిలబడి చూశాను. ఇదంతా ఎందుకని అడిగితే ఆయన టేపు మీంచి చూపు తిప్పకుండానే, "వామిలో గడ్డి ఎంతుందో చూసుకోకుండా ఇంకో ఆవును తోలుకొస్తామా అయివారూ?" అన్నాడు.

పల్లె రైతు చేసిన పనిని పట్నంలో మనం ఎందుకు చేయకూడదన్నది నా ప్రశ్న. దానికి కావలసిన పరికరం కూడా పెద్దదేమీ కాదు. మా ఎదురింటి పైభాగంలో అద్దెకుండే అమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. 300 అడుగుల టేపుకు రెండు సన్నని తీగలు ఆనించి, కొసన చిన్న సీసపు గుండు కట్టి, పై చివర రెండు సెల్లులు, ఒక ట్రాన్సిస్టరు, ఒక బజరు పెట్టింది. కింది కొసన రెండు తీగలూ ఒకదానినొకటి తాకకుండా ఉంటాయి. వాటిని నీళ్ళు కలిపిన క్షణాన పైన బజరు కూస్తుంది. ఆ క్షణాన టేపు మీద ఉన్న అంకే నీటిమట్టం. ఒక్క జాగ్రత్త చెప్పాలి. టేపును ఊరికే బోరులోకి వదిలితే మోటారు తీగకు చుట్టుకుని మళ్ళీ రాదు. అందుకని మోటారు పైకి తీసిన రోజున దాని పక్కనే ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం దింపించి, టేపును అందులో వదలాలి.

మొదటి ఆదివారం నేను ఉత్సాహంగా కొలిచాను: 187 అడుగులు. అరగంట తరువాత మళ్ళీ కొలిస్తే 194 వచ్చింది. పరికరం చెడిందనుకున్నాను. చెడింది పరికరం కాదు. ఆ అరగంటలో పక్కింటివారు, వారి పక్కింటివారు మోటార్లు వేశారు. వాళ్ళు తోడుతుంటే నా బోరులో మట్టం దిగుతోంది. నిజమైన మట్టం తెలియాలంటే నా మోటారు ఒక్కటి ఆపితే చాలదు. రాత్రంతా వీధి వీధే ఆపాలి.

అసలు కష్టం ఇక్కడే ఉంది. బజరును ఆ అమ్మాయి రెండు సాయంత్రాల్లో చేసింది. మోటారు ఆపడానికి 22 ఇళ్ళవారిని ఒప్పించేందుకు నాకు రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా పండుగ శుభాకాంక్షలకే పనికొచ్చిన మా వీధి వాట్సాప్ గ్రూపులో శనివారం రాత్రి తొమ్మిదింటికి ఒక్క మాట పంపుతాము: "తొట్టెలు నింపుకోండి, పొద్దున ఆరింటి దాకా మోటారు వద్దు." ఆదివారం ఆరింటికి కొలిచి, ఆ అంకెను మూలమీది అంగడి గోడమీద సుద్దతో రాస్తాము. ఫోనులో కూడా పంపవచ్చు, పంపుతాము కూడా. కానీ ఫోనులో అంకె మధ్యాహ్నానికి ఎన్నో సందేశాల కిందికి పోతుంది. గోడమీది అంకె పాల ప్యాకెట్టు కోసం వచ్చిన ప్రతివారి కంటా వారమంతా పడుతుంది.

ఒక ఆదివారం అంకె ఎందుకో పొసగలేదు. ఎవరో తెల్లవారుజామున మోటారు వేశారని అర్థమైంది. ఎవరని మేము ఆరా తీయలేదు. గోడమీద "ఈ వారం కొలత లేదు" అని రాసి ఊరుకున్నాము. మంగళవారం సాయంత్రం ఒకాయన తనంతట తానే అంగడి దగ్గరికి వచ్చి, "ఇంటికి చుట్టాలొచ్చారు సార్, మరిచిపోయాను" అని చెప్పిపోయాడు. ఆయనను ఆ మాట చెప్పించింది ఖాళీగా ఉన్న ఆ గోడేనని నా నమ్మకం.

అంకె వచ్చాక మాటలు మారాయి. మార్చిలో మట్టం దిగుతున్నది కళ్ళకు కనబడేసరికి, ఒకేసారి అందరూ తోడకుండా సగం ఇళ్ళు పొద్దున, సగం ఇళ్ళు సాయంత్రం మోటారు వేసుకోవాలని అనుకున్నాము. గాలి పోసిన నా బోరు ఆ వేసవిలో మళ్ళీ నీళ్ళు పోసింది. 200 అడుగుల ఖర్చు తప్పింది. ఆ తరువాత అందరి దృష్టీ మిద్దెల మీదికి పోయింది. ఈ లెక్క తేలిక, వింటూనే వేసుకోవచ్చు. చదరపు మీటరు మిద్దెమీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీళ్ళు. 1,000 చదరపు అడుగుల మిద్దె అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల జల్లుకే 930 లీటర్లు కాలువ పాలవుతాయి. మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది కనుక, ఒక్క మిద్దె మీద 80,000 లీటర్లకు పైగా కురుస్తుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లు 16 మన నెత్తిమీదే దిగుతుంటే, మనం వీధి చివర ట్యాంకరు కోసం నిలబడుతున్నామన్నమాట. ఏడు ఇళ్ళ మిద్దెల నీటిని గులకరాళ్ళు, ఇసుక నింపిన గుంత గుండా వడగట్టి, మా వీధిలో ఎప్పుడో ఎండిపోయి వదిలేసిన ఒక బోరులోకి మళ్ళించాము. తొలి వాన నీటిని మాత్రం బయటికే వదిలేస్తాము, అందులో మిద్దెమీది దుమ్ము ఉంటుంది. ఆ జనవరిలో మట్టం 141 అడుగులకు లేచింది. అందులో మా గుంత పుణ్యం ఎంతో, ఆ ఏడు బాగా కురిసిన ఈశాన్య రుతుపవనాల పుణ్యం ఎంతో విడదీసి చెప్పలేను. ఎక్కువ భాగం వానదేనని ఒప్పుకోవడమే న్యాయం.

భూగర్భ జల శాఖ కొలత బావుల వివరాలు రాష్ట్ర జలవనరుల సమాచార వ్యవస్థలో ఎవరైనా చూసుకోవచ్చు. అవి ఎంతో విలువైనవి. అయితే అవి మండలం సంగతి చెబుతాయి గానీ మన వీధి సంగతి చెప్పవు. మన వీధి సంగతి మనమే కొలుచుకోవాలి. టేపు లేకున్నా ఈ వారమే మొదలు పెట్టవచ్చు. పక్కలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి, చెట్టూ గోడా అడ్డం లేని చోట మిద్దెమీద పెట్టండి. పొద్దున ఎనిమిదిన్నరకు, అంటే వాతావరణ శాఖవారు కొలిచే వేళకే, పిల్లల స్కేలు నిలువుగా ముంచి చూడండి. డబ్బా వెడల్పు ఎంతైనా ఫరవాలేదు. నీటి లోతు ఎన్ని మిల్లీమీటర్లో వాన అన్ని మిల్లీమీటర్లు. ఆ అంకెను మీ ఇంటి లోపల క్యాలెండరులో రాసుకోకండి, వీధిలో గోడమీద రాయండి.

మా టేపు మా ఇంట్లో వసారాలో మేకుకు వేలాడుతుంటుంది. పక్క వీధివారు ఇప్పటికి రెండుసార్లు తీసుకుపోయారు. రెండోసారి తిరిగి ఇచ్చేటప్పుడు సెల్లులు కొత్తవి వేసి తెచ్చారు.

నమస్కారం.