లెసితిన్ డబ్బా రివ్యూ: ఫాస్ఫోలిపిడ్లు ఎనర్జీ దాచిపెడతాయా?

నమస్తే అండీ. ఇదిగో, పావుకిలో సోయా లెసితిన్ గుళికలు. ఆరు వందలు పెట్టి తెప్పించాను. కంపెనీ పేరు మీద స్టిక్కర్ అంటించేశాను, ఆ గొడవ మనకెందుకు. ఇందులో ఉన్న ఫాస్ఫోలిపిడ్లు, అంటే ఒక రకం కొవ్వు పదార్థాలు, మన కణాల్లో శక్తిని నిల్వ చేస్తాయని డబ్బా వెనక రాసి ఉంది. ఈ వీడియో ఆ ఒక్క వాక్యం గురించే.

ముందు రుచి సంగతి చెప్పేస్తా. మూడు వారాలు రోజుకో స్పూను మజ్జిగలో కలుపుకుని తాగాను. పచ్చి సోయా పిండి వాసన, పైగా పళ్లకి అంటుకుపోతుంది. ఓపిక పెరిగిందా అంటే, నాకైతే ఏ తేడా తెలియలేదు.

సరే, ఇప్పుడు ఈ రెండు సీసాలు చూడండి. రెండింట్లోనూ నీళ్లు, రెండు స్పూన్ల నూనె. కుడివైపు దాంట్లో మాత్రం మన గుళికలు నానబెట్టి కలిపాను. రెండూ గట్టిగా ఊపుతున్నా... ఎడమది చూశారా, అప్పుడే నూనె పైకి తేలిపోతోంది. కుడివైపుది పాలలా తెల్లగా అయిపోయింది, అలాగే ఉంది. డబ్బా మీద వాళ్లు రాయాల్సింది ఈ సంగతి!

ఎందుకిలా అయింది? నూనె అంటే ట్రైగ్లిజరైడ్. ఒక గ్లిసరాల్ ముక్కకి మూడు కొవ్వు ఆమ్లాల తోకలు. మూడూ నీళ్లంటే గిట్టనివే. ఫాస్ఫోలిపిడ్‌లో ఆ మూడో తోక ఉండదు, దాని చోట ఫాస్ఫేటు ఉన్న తల ఉంటుంది. తలకి నీళ్లు ఇష్టం, తోకలకి నూనె ఇష్టం. అందుకే నూనె చుక్క చుట్టూ చేరి, తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి కూర్చుంటుంది. చాక్లెట్ రేపర్ మీద ఐఎన్ఎస్ 322 అని కనిపిస్తే అది ఇదే. 1840లలో గోబ్లే అనే ఫ్రెంచి ఫార్మసిస్టు దీన్ని గుడ్డు పచ్చసొన నుంచి తీశాడు. గ్రీకులో పచ్చసొనని లెకితోస్ అంటారు, ఆ పేరే దీనికి పెట్టాడు. మా అమ్మ మొదటి రోజే అంది, "గుడ్డులో ఉన్నదానికి ఆరు వందలెందుకురా" అని.

మరి నూనె చుక్క లేకుండా ఉత్త నీళ్లలో వేస్తే? తోకలు దాక్కోవాలి కదా. రెండు వరసలుగా, తోకకి తోక ఎదురుగా పెట్టుకుని ఒక పొరగా మారిపోతాయి. మన ప్రతి కణం చుట్టూ ఉన్నది ఈ రెండు వరసల పొరే. మందం సుమారు 5 నానోమీటర్లు. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు డచ్చివాళ్లు ఎర్రరక్తకణాల్లోని కొవ్వంతా తీసి నీటి మీద ఒకే వరసగా పరిచారు. అది కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. అంటే రెండు వరసలు! తమాషా ఏంటంటే, వాళ్లు కొవ్వు పూర్తిగా తీయలేకపోయారు, కణం వైశాల్యం కూడా తక్కువగా లెక్కేశారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు కరెక్టుగా వచ్చింది. మన పరీక్షల్లో ఎప్పుడైనా ఇలా జరిగిందా చెప్పండి!

ఇప్పుడు అసలు పాయింటు. శక్తిని దాచేది ఫాస్ఫోలిపిడ్ కాదు, ట్రైగ్లిజరైడే. గ్రాముకి 9 కిలోకేలరీలు, పైగా పక్కన నీళ్లు చేరనివ్వదు. గ్లైకోజెన్, అంటే శరీరం దాచుకునే పిండిపదార్థం, అలా కాదు, తన బరువుకి రెండు మూడింతలు నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. 70 కిలోల మనిషిలో కొవ్వు రూపంలో సుమారు లక్ష కిలోకేలరీలుంటే, గ్లైకోజెన్‌లో ఉండేవి రెండు వేల లోపే. ఆ కొవ్వు బరువు 11 కిలోలే. ఫాస్ఫోలిపిడ్ తలకి నీళ్లంటే ప్రాణం కాబట్టి అది కొవ్వులా పొడిగా ముద్దకట్టి ఉండలేదు. మరీ గతిలేనప్పుడు శరీరం దాని తోకల్ని కూడా కాల్చుకోగలదు, నిజమే. కానీ చలేసిందని ఇంటి తలుపులు విరగ్గొట్టి మంటేసుకున్నట్టు ఉంటుంది అది.

అలాగని శక్తితో దానికి సంబంధమే లేదంటే అన్యాయం. కొవ్వు కణంలో ఉన్న నూనె బొట్టు చుట్టూ ఒకే వరస ఫాస్ఫోలిపిడ్ తొడుగు ఉంటుంది, మన కుడివైపు సీసాలో లాగే. ఇంకోటి మైటోకాండ్రియా, కణానికి పవర్‌హౌస్ లాంటిది. దాని లోపలి పొరకి ఒక పక్క ప్రోటాన్లు పోగవుతాయి, అవి ఒక ప్రోటీన్ గేటులోంచి దూకేటప్పుడు ఏటీపీ, అంటే కణం తన పనులకి వాడుకునే ఇంధనం, తయారవుతుంది. పీటర్ మిచెల్ ఈ మాట 1961లో చెప్పాడు, 1978లో నోబెల్ వచ్చింది. అచ్చం డ్యామూ కరెంటూ. పొర కారితే ఏటీపీ లేదు. ఆ లోపలి పొరలో కార్డియోలిపిన్ అని నాలుగు తోకల ఫాస్ఫోలిపిడ్ ఒకటుంది. గర్భిణులకి సిఫిలిస్ జబ్బు ఉందేమో చూడటానికి వీడీఆర్ఎల్ అని రక్తపరీక్ష రాస్తారు చూడండి, ల్యాబులో ఆ రక్తానికి కలిపే ద్రవంలో ఈ కార్డియోలిపినూ, లెసితినూ రెండూ ఉంటాయి.

మరి తిన్న లెసితిన్ నేరుగా వెళ్లి కణాల పొరలకి అతుక్కుంటుందా? లేదండీ. పేగులో ఎంజైము ముందు ఒక తోక కోసేస్తుంది. ఆ ముక్కలు లోపలికెళ్లాక మళ్లీ అతికించుకోవాలో, కాల్చుకోవాలో శరీరం ఇష్టం. లెసితిన్ తలలో ఉండే కోలిన్ అనే పోషకం మాత్రం దొరుకుతుంది, గుడ్డులో దొరికినట్టే. సోయా పడనివాళ్లు దీని జోలికి పోకండి.

ఎనర్జీ కోసమైతే నా మార్కు పదికి రెండు. నూనెనీ నీళ్లనీ కలపడానికైతే తొమ్మిది. మిగిలిన సగం డబ్బా మా అక్క పట్టుకెళ్తోంది, ఎగ్‌లెస్ కేకులు చేస్తుంది. ఆగండి, ఆ సీసా ఒకసారి చూపిస్తా... ఇంతసేపైంది, ఇంకా తెల్లగానే ఉంది.