బేరియం మీల్‌లో మచ్చ కనిపిస్తే: బుడగా, మెతుకా, గడ్డా?

అందరికీ నమస్కారం. తిరుపతిలో రేడియోగ్రఫీ చదివే పిల్లలు ఎక్కువగా అడిగింది ఇదే, అందుకే ఈ వీడియో. బేరియం మీల్‌లో, అంటే బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే పరీక్షలో, జీర్ణాశయంలోని మామూలు గడ్డలు, అంటే క్యాన్సర్ కానివి, ఎలా పట్టుకోవాలో చూద్దాం.

ప్రిపరేషన్ మీకు తెలిసిందే. 8 గంటలు ఖాళీ కడుపు, బీడీ సిగరెట్ వద్దు. పేగుకు చిల్లు పడిందని అనుమానం ఉంటే బేరియం ఇవ్వకూడదు. ఒక్క మాట మాత్రం చెప్తాను. "ఏమన్నా తిన్నారా?" అని అడగకండి. లేదనే అంటారు. కాఫీ, ప్రసాదం చాలామందికి తిండి లెక్కలోకి రావు. కొండ దిగి నేరుగా వచ్చినవాళ్లు లడ్డూ ముక్క నోట్లో వేసుకునే ఉంటారు. "పొద్దున్నించి నోట్లో ఏం పడిందమ్మా?" అనండి, అప్పుడు చెప్తారు.

సరే. కడుపు ఉబ్బించే గ్యాస్ గ్రాన్యూల్స్, చిక్కటి బేరియం, తేన్పు ఆపుకోమనడం, ఒకసారి గుండ్రంగా దొర్లించడం... ఇదిగో, చూస్తున్నారుగా. పూత బాగా పట్టింది.

ఇప్పుడు ఇక్కడ ఆగండి. ఇక్కడే అందరూ తడబడతారు. ఈ గుండ్రటి మచ్చ చూడండి. గడ్డ అనిపిస్తోంది కదా? తొందరపడొద్దు. పేషెంట్‌ని ఎడమకి తిప్పండి. మళ్ళీ కుడికి. నిలబెట్టండి. కదిలిందా? కదిలితే బుడగ, లేదా మెతుకు. గోడకు అతుక్కునే ఉంటే అప్పుడు గడ్డ అని ఆలోచించండి. మళ్ళీ చెప్తున్నా, తిప్పకుండా రిపోర్ట్‌కి పంపొద్దు. ఇంకోటి, వెల్లకిలా పడుకున్నప్పుడు వెనక గోడ మీది గడ్డ తెల్లటి బేరియం మడుగులో నల్లటి ఖాళీలా ఉంటుంది. అదే ముందు గోడ మీదైతే చుట్టూ సన్నటి తెల్ల గీత, అంతే. చూపు అలవాటు పడాలి.

నేనైతే లాస్ట్ ఇమేజ్ హోల్డ్ బాగా వాడతాను. పెడల్ మీద నుంచి కాలు తీసినా చివరి బొమ్మ స్క్రీన్ మీదే ఉంటుంది, తీరిగ్గా చూడొచ్చు, పేషెంట్‌కి ఎక్స్‌రే డోసు తగ్గుతుంది.

ఇప్పుడు అంచు చూడండి, ఈ మూల. గోడతో దాదాపు లంబకోణం, పైభాగం నున్నగా ఉంది. అంటే ఇది లోపలి పొర కింద పుట్టిన గడ్డ. లియోమయోమా, అంటే కండరపు గడ్డ కావచ్చు. మధ్యలో చిన్న గుంట ఉండి బేరియం నిలిస్తే దాన్నే బుల్స్ ఐ అంటాం. నొక్కితే ఆకారం మారితే లైపోమా అయ్యే అవకాశం ఎక్కువ, కొవ్వు కదా, మెత్తగా ఉంటుంది. పాలిప్ అయితే లోపలి పొరలోనే పుడుతుంది, కొన్నిటికి కాడ కూడా కనిపిస్తుంది.

కానీ నున్నగా ఉందని పేషెంట్‌తో "ఏం కాదు" అనేయకండి, దయచేసి. పాత రోజుల్లో లియోమయోమా అన్నవాటిలో చాలావరకు జిస్ట్‌లని, అంటే జీర్ణాశయ గోడలో పుట్టే వేరే రకం గడ్డలని 1998 తర్వాత తేలింది, వాటిలో కొన్ని క్యాన్సర్‌గా ముదురుతాయి. ఎక్స్‌రే గడ్డ ఏ పొరలో ఉందో చూపిస్తుంది. దాని పేరు చెప్పేది ఎండోస్కోపీ, బయాప్సీ.

అయిపోయాక నీళ్లు బాగా తాగమనండి. ఒకట్రెండు రోజులు విరేచనం తెల్లగా వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే ఇంటికెళ్లాక టెన్షన్ పడతారు.