ఎనిమిది మంది ఉన్న ఇంటికి వాషింగ్ మెషిన్: మన బోరు నీళ్లకు ఏది నిలబడుతుంది?

నమస్కారం. అనంతపురంలో వాషింగ్ మెషిన్లు బాగుచేయడమే నా పని. అందుకే ఈ ప్రశ్న నన్ను తరచూ అడుగుతుంటారు: "ఇంట్లో ఎనిమిది మందిమి ఉన్నాం, పదేళ్లు మన్నే మెషిన్ ఏది?" అడిగేవారు ఒక కంపెనీ పేరు చెబుతానని ఎదురుచూస్తారు. కానీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్ మెషిన్లు రెండు ఇళ్లలో ఉంటే ఒకచోట పదేళ్లు నడుస్తుంది, ఇంకోచోట నాలుగో ఏటికే మూలపడుతుంది. నేను విప్పి చూసినంతలో ఆ తేడా చాలావరకు నీళ్లదే. అందుకని షాపుకు వెళ్లే ముందు మీ ఇంటి కుళాయి దగ్గర మొదలుపెడదాం.

ఇదిగో, ఈ కడ్డీని దగ్గరగా చూడండి. ముందు తలుపు నుంచి బట్టలు వేసే ఫ్రంట్ లోడ్ మెషిన్‌లో నీళ్లు వేడిచేసే హీటరు ఇది. కొత్తగా ఉన్నప్పుడు నున్నగా మెరుస్తుంది. ఇప్పుడు దీనికి పట్టిన ఈ తెల్లటి పెచ్చు గార. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీళ్లు వేడెక్కగానే పొరలా పేరుకుని కడ్డీని పట్టుకుంటాయి. గార మందమయ్యే కొద్దీ వేడి నీళ్లలోకి పోదు. కడ్డీలోనే నిలిచి, చివరికి కడ్డీ కాలిపోతుంది. ఇదే గార నీళ్లు లోపలికి వచ్చే వాల్వులో జాలీని మూసేస్తుంది, డ్రమ్ము వెనక వైపు పేరుకుంటుంది, సబ్బుతో కలిసి బట్టల మీద బూడిద రంగు మరకలు వేస్తుంది.

మరి మీ నీళ్లు ఎంత కఠినమైనవి? చిన్న సీసాలో సగం నీళ్లు పోసి, స్నానం సబ్బు ముక్క వేసి బాగా గిలకొట్టండి. నురగ నిలవకుండా, నీళ్లు పాలలా విరిగి పైన తెట్టు కడితే అవి కఠినమైన నీళ్లు. అంకె కావాలంటే కఠినత్వం కొలిచే పరీక్ష పట్టీలు దొరుకుతాయి. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలల్లోనూ పరీక్ష చేస్తారు. ఒక్క జాగ్రత్త: తాగే నీళ్ల మెషిన్ అమ్మేవారు పెట్టి చూపించే టీడీఎస్ అంకె (నీళ్లలో కరిగి ఉన్న అన్నిటి మొత్తం), కఠినత్వం ఒకటి కావు. టీడీఎస్‌లో మామూలు ఉప్పు కూడా లెక్కకు వస్తుంది. అది గార కట్టదు. తాగే నీళ్లకు ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే దారి లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చు. మనుషులు సరిపెట్టుకున్నా హీటరు సరిపెట్టుకోదు. మీ అంకె 300 దాటితే ఇప్పుడు నేను చెప్పేది శ్రద్ధగా వినండి.

పట్టణంలో చాలా ఇళ్లలో పెన్నహోబిలం జలాశయం నుంచి వచ్చే కుళాయి నీళ్లు, బోరు నీళ్లు ఒకే ట్యాంకులో కలిసిపోతాయి. వీలైతే మెషిన్‌కు కుళాయి నీళ్లు విడిగా వచ్చేలా చిన్న ట్యాంకు పెట్టించుకోండి. ప్లంబరుకు అయ్యే ఖర్చు మెషిన్ ఆయుష్షు రూపంలో తిరిగి వస్తుంది. పల్లెల్లో ఆ వీలు లేదు, బోరే దిక్కు. ఉరవకొండ వైపు అయినా, కళ్యాణదుర్గం వైపు అయినా లోతు బోర్ల నీళ్లతోనే బతకాలి కాబట్టి మెషిన్ రకాన్ని ఆ నీళ్లకు తగ్గట్టు ఎంచుకోవాలి.

మూడు రకాలు ఉన్నాయి. ముందు సెమీ ఆటోమేటిక్. ఉతికే తొట్టి ఒకటి, పిండే డ్రయ్యర్ ఒకటి. దీన్ని పాతకాలం వస్తువని పక్కన పెట్టేస్తారు, నాకు అది నచ్చదు. ఇందులో హీటరు ఉండదు, ఎలక్ట్రానిక్ బోర్డు ఉండదు, తిప్పే టైమర్లు ఉంటాయి. పాడయ్యేవి బెల్టు, డ్రయ్యర్ కింది సీలు, బ్రేకు తీగ. ఏ ఊరి మెకానిక్ అయినా అదే రోజు మార్చి ఇస్తాడు. ప్లాస్టిక్ ఒళ్లు కాబట్టి తుప్పు భయం లేదు. నీళ్లు బకెట్టుతో పోయవచ్చు. ఏడాదికి 500 నుంచి 550 మిల్లీమీటర్ల మధ్య వాన పడే జిల్లాలో ఇంకో లాభం కూడా ఉంది: తెల్లబట్టలు ఉతికిన సబ్బు నీళ్లలోనే రంగుబట్టలు, తరువాత చేనికి కట్టుకుపోయే బట్టలు వేయవచ్చు. ఆ పని ఆటోమేటిక్ మెషిన్ చేయదు, ప్రతిసారీ నీళ్లు బయటికి తోసేస్తుంది. ఇబ్బంది ఏమిటంటే మనిషి పక్కన ఉండాలి, తడి బట్టలు చేత్తో ఎత్తి డ్రయ్యర్‌లో వేయాలి. ఇంట్లో నడుం నొప్పితో బాధపడే అత్తమ్మ ఈ పని చేస్తుంటే, దయచేసి ధర ఒక్కటే చూసి కొనకండి.

రెండోది పైనుంచి బట్టలు వేసే టాప్ లోడ్. మధ్యలో ఆపి, మిగిలిపోయిన చొక్కా వేయవచ్చు, వంగే పని లేదు. కఠినమైన నీళ్లు ఉన్న పెద్ద ఇంటికి నేను ఎక్కువగా చెప్పేది ఇదే, అదీ హీటరు లేని మోడల్. గార పట్టే ముఖ్యమైన చోటే లేకుండా పోతుంది. నీళ్లు మాత్రం ఎక్కువ తాగుతుంది. నిండా వేస్తే ఒక్క ఉతుకుకు 100 లీటర్లు దాటడం మామూలే. వేసవిలో ట్యాంకరు నీళ్లు కొనే ఇంటివారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

మూడోది ఫ్రంట్ లోడ్. బట్టలను తక్కువగా నలిపి శుభ్రంగా ఉతుకుతుంది, దాదాపు సగం నీళ్లతో పని ముగిస్తుంది. కుళాయి నీళ్లు వచ్చే ఇంటికి ఇది మంచి ఎంపిక. అయితే డ్రమ్ము వెనక ఉండే ఈ మూడు చేతుల భాగం చూడండి, దీన్ని స్పైడర్ అంటారు. డ్రమ్ము స్టీలు, ఇది అల్యూమినియం. సబ్బు తెట్టు, గార కలిసి దీని మీద నిలిస్తే మెల్లగా తినేస్తాయి. ఒకరోజు పిండుతుండగా చెయ్యి విరిగి డ్రమ్ము పక్కకు వాలిపోతుంది. చాకలి సోడా అల్యూమినియానికి శత్రువు, ఫ్రంట్ లోడ్‌లో ఎప్పుడూ వేయకండి. సెమీ ఆటోమేటిక్ ప్లాస్టిక్ తొట్టిలో అదే సోడా కొంచెం వేస్తే కఠినమైన నీళ్లు మెత్తబడి పౌడరు తక్కువ పడుతుంది.

కొనేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "బయటి డ్రమ్ము బోల్టులతో బిగించినదా, అతికించేసినదా?" అతికించిన డ్రమ్ములో బేరింగు పోతే బేరింగు ఒక్కటే మార్చడం కుదరదు, మొత్తం డ్రమ్ము కొనాలి. ఆ ఖర్చు విని చాలామంది మెషిన్‌ను పాత ఇనుముకు వేస్తారు. అమ్మేవారికి జవాబు తెలియకపోతే ఆ కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోను చేసి అడిగించండి. మోటారుకు పదేళ్ల వారంటీ అని పెద్ద అక్షరాలతో స్టిక్కరు ఉంటుంది. మంచిదే, బ్రష్షులు లేని ఇన్వర్టర్ మోటారు అరిగేది తక్కువ. అయితే మా దగ్గరికి వచ్చే మెషిన్లలో మోటారు పోయినవి అరుదు. పోయేవి నీళ్లు తోసే పంపు, వాల్వు, బేరింగు, బోర్డు. వీటికి ఎన్నేళ్లు ఇస్తున్నారో చిన్న అక్షరాల్లో చూడండి.

ఇక సైజు. డబ్బా మీద రాసిన కిలోలు పొడి బట్టల లెక్క, అదీ నూలు బట్టల ప్రోగ్రామ్‌కు మాత్రమే. త్వరగా ఉతికే ప్రోగ్రామ్‌లో అందులో మూడో వంతు కూడా వేయకూడదు. పెద్దవారి ఒక జత బట్టలు, టవలు కలిపితే కిలో దగ్గరికి వస్తుంది. జీన్స్ ఒక్కటే ముప్పావు కిలో ఉంటుంది. అంటే ఎనిమిది మంది ఇంట్లో రోజుకు 6 నుంచి 8 కిలోలు. మెషిన్‌ను ఎప్పుడూ మెడ దాకా నింపితే బట్టలు తిరగవు, బేరింగు మీద బరువు పడుతుంది. అందుకని ఆ ఇంటికి 9 లేదా 10 కిలోల మెషిన్ తీసుకుని ముప్పావు వంతు నింపండి. ఫ్రంట్ లోడ్ అయితే బట్టల మీద నిలువుగా అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉంచండి.

పది మంది దాటి, అందులో నలుగురు చేనికి వెళ్లేవారైతే నా సలహా వేరు. ఒకే పెద్ద మెషిన్ మీద అంతా మోపకండి. రోజువారీ బట్టలకు 8 కిలోల ఆటోమేటిక్, ఎర్రమట్టి పట్టిన బట్టలకు, దుప్పట్లకు ఒక సెమీ ఆటోమేటిక్. మట్టి బట్టలను ఒకసారి జాడించి, దులిపి వేస్తే చాలు. ఒకటి ఆగిపోయినా ఇంట్లో పని ఆగదు. ధర్మవరం పట్టుచీరలు మాత్రం రెండింటిలో దేనిలోనూ వేయకండి.

నీళ్ల ఒత్తిడి మాట చెప్పకపోతే పొరపాటు అవుతుంది. ట్యాంకు అడుగు నుంచి మెషిన్ కుళాయి దాకా 3 మీటర్ల ఎత్తు ఉంటే వచ్చే ఒత్తిడి దాదాపు 0.3 బార్. చాలా ఆటోమేటిక్ మెషిన్లకు కనీసం అంత కావాలి. ట్యాంకు ఉన్న మిద్దె మీదే మెషిన్ పెడితే నీళ్లు నిండక తప్పు చూపిస్తుంది. మెషిన్‌ను కింది అంతస్తులో పెట్టండి, లేదా తక్కువ ఒత్తిడికి పనిచేసే మోడల్ అడగండి. ఇసుక వచ్చే బోరైతే కుళాయికి, పైపుకు మధ్య చిన్న ఫిల్టరు తప్పనిసరి.

కరెంటు విషయం క్లుప్తంగా. హీటరు ఉన్న మెషిన్ 2000 వాట్ల దాకా లాగుతుంది, 16 ఆంపియర్ల ప్లగ్గు, గట్టి ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ లేని గోడలో మెషిన్ పెట్టవద్దు, తడి చేతులతో ముట్టుకునే వస్తువు ఇది. వేసవి సాయంత్రాలు వోల్టేజీ పడిపోయే ఊళ్లలో స్టెబిలైజర్ పెట్టించండి, బోర్డు బతుకుతుంది. ఎలుకలు వైర్లు కొరికితే వారంటీ సాధారణంగా వర్తించదు కాబట్టి అడుగున జాలీ ఉన్న మెషిన్ తీసుకోండి, లేకుంటే విడిగా బిగించుకోండి.

కొన్న తరువాత నెలకోసారి ఖాళీ మెషిన్‌లో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, హీటరు ఉంటే 60 డిగ్రీల్లో ఒక ఉతుకు నడపండి. గార కరిగి పోతుంది. రోజూ మామూలు చల్లనీళ్ల ఉతుకే చాలు, వేడి ప్రోగ్రామ్ పసిపిల్లల బట్టలకు, రోగుల దుప్పట్లకు ఉంచండి. మన ఎండలో బట్టలు గంటల్లో ఆరిపోతాయి, నిమిషానికి 1400 చుట్ల వేగంతో పిండాల్సిన అవసరం లేదు. 800 పెట్టండి, బేరింగు మీద భారం తగ్గుతుంది.

సుభాష్ రోడ్డులో షాపులు తిరిగే రోజు ధర అడిగే ముందు ఇంకో మాట అడగండి: "సర్వీసు మనిషి అనంతపురంలో ఉంటాడా, బెంగళూరు నుంచి రావాలా? మా ఊరికి వస్తాడా?" తాడిపత్రి, రాయదుర్గం, గుంతకల్లు, ఎక్కడివారైనా తమ ఊరి పేరు చెప్పి అడగాలి. విడిభాగం వారంలో దొరికే కంపెనీ, రెండు నెలలు పట్టే దానికన్నా మంచిది, స్టార్ రేటింగు ఒకటి తక్కువైనా సరే. స్టార్లు పోల్చేటప్పుడు టాప్ లోడ్‌ను టాప్ లోడ్‌తోనే పోల్చండి.

ఫ్రంట్ లోడ్ ఇంటికి వచ్చిన రోజు వెనక వైపు చూడండి. రవాణాలో డ్రమ్ము ఊగకుండా బిగించిన పొడుగు బోల్టులు ఉంటాయి, చాలావాటికి నాలుగు. అవి తీయకుండా మెషిన్ వేస్తే మొదటి పిండుడుకే గది అంతా అదిరిపోతుంది, లోపల దెబ్బ తగులుతుంది. బిగించడానికి వచ్చిన వ్యక్తి చేత మీ కళ్ల ముందే తీయించండి. రంధ్రాలకు మూతలు పెట్టించి, బోల్టులను బిల్లుతో పాటు దాచి ఉంచండి. ఇల్లు మారేటప్పుడు మళ్లీ కావాలి.