నా చోటు కాస్త చూస్తారా?

(ప్రపంచ పర్యాటక దినోత్సవం సందర్భంగా హన్మకొండలో జరిగిన సభలో ఒక విశ్రాంత గణిత అధ్యాపకురాలి ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నన్ను పిలిచిన మిత్రులకు, ఇంత ఉక్కపోతలో వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారాలు. వెనుక వరుసల్లో నా పాత విద్యార్థినులు కనిపిస్తున్నారు. వాళ్లలో కొందరికి జుట్టు నెరిసింది. చూస్తుంటే కడుపు నిండినట్టుంది.

సెప్టెంబరు 27 కాబట్టి ఓరుగల్లు పర్యాటకం గురించి మాట్లాడమన్నారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి మనకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. 1213 నాటి రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. నీళ్లలో తేలే ఇటుకల సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. ఇవన్నీ నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలోనే పదిమంది ఉన్నారు. నా దగ్గర వేరే మాట ఒకటి ఉంది. మూడేళ్లుగా మోస్తున్నాను. ఈ రోజు ఇక్కడ దింపుకోనివ్వండి.

ఒంటరిగా ప్రయాణం చేసే మనిషి వినోద పార్కుకు వెళితే, అక్కడ ఒక్కొక్క ఆట కోసం గంటల తరబడి లైన్లో నిలబడాలా, వద్దా? ఇదీ నా ప్రశ్న. చిన్న ప్రశ్నగా అనిపించవచ్చు. పదవీ విరమణ చేసిన ఆడమనిషికి పార్కు ఎందుకని కూడా అనిపించవచ్చు. నాకు చిన్నప్పటి నుంచి ఎత్తు నుంచి కిందికి జారడమంటే ఇష్టం. ఐనవోలు మల్లన్న జాతరలో చేత్తో తిప్పే కొయ్య రంగులరాట్నం ఉండేది. మా నాన్న ఆ లైన్లో నా బదులు నిలబడేవారు. నేను చెరకురసం తాగి, గాజుల అంగళ్లన్నీ చూసి వచ్చేసరికి మా వంతు దగ్గర పడేది. నాన్న భుజం మీద తువ్వాలు చూసి ఆయన్ను గుర్తుపట్టి, జనం సందుల్లోంచి దూరి వెళ్లి ఆయన చేయి పట్టుకునేదాన్ని. లైన్ అంటే కష్టమని నాకు అప్పుడు తెలియదు. నా కష్టం నాన్న పడుతున్నారు కదా.

ఇక మూడేళ్ల కిందటి సంగతి. పక్క రాష్ట్రంలో ఒక పార్కు. పేరు చెప్పను, నా గొడవ ఆ ఒక్క పార్కుతో కాదు. ఆదివారం వెళ్లాను. అది నా పొరపాటు. నీళ్లలోకి పడవతో పాటు జారే ఆట ఒకటి ఉంది. దాని లైన్ మధ్యలో ఒక బోర్డు, 'ఇక్కడి నుంచి 60 నిమిషాలు' అని. ఆ బోర్డు దాటాక కూడా ఇనుప గొట్టాల మధ్య ఆరేడు మలుపులు తిరిగాం. ఆ గొట్టం మీద పసుపు రంగు వేశారు. మనుషులు చేతులు ఆనించి ఆనించి మలుపుల దగ్గర రంగంతా పోయి లోపలి ఇనుము నున్నగా మెరుస్తోంది. ఎండకు కాలి ఉంది. అయినా పట్టుకోకుండా నిలబడలేం, నడుము ఊరుకోదు. నా ముందు ఒక కుటుంబం, ఏడుగురు. వాళ్లలో ఎప్పుడూ ఇద్దరు బయట ఉండేవారు. ఒకసారి తండ్రి వెళ్లి ఐస్‌క్రీములు తెచ్చాడు, ఒకసారి తల్లి పిల్లవాడిని తీసుకువెళ్లి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. అనవలసిన పని కూడా లేదు, పిల్లలు గలవాళ్లు.

గంటా నలభై నిమిషాలు గడిచాయి. నేను మూత్రం ఎక్కువగా వచ్చే రకం రక్తపోటు మాత్ర వేసుకుంటాను. ఆ మాత్ర వేసుకునేవాళ్లకు చెప్పనక్కరలేదు, ఒకసారి వెళ్లక తప్పదు. ముందున్న ఆమెను అడిగాను, 'అమ్మా, నా చోటు కాస్త చూస్తారా?' అని. ఆమె మంచి మనిషి, సరేనంది. నేను వెళ్లి ఏడెనిమిది నిమిషాల్లో తిరిగి వచ్చాను. గేటు దగ్గర నిలబడిన కుర్రాడు ఆపేశాడు. 'మీ వాళ్లు లోపల ఉన్నారా?' అన్నాడు. నా వాళ్లు లేరు, నా చోటు ఉంది అన్నాను. 'ఎంతమంది వచ్చారు?' అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. 'ఒక్కరే అయితే మళ్లీ మొదటి నుంచి రావాలి మేడమ్' అన్నాడు. వెనుక నుంచి ఎవరో 'ఈ వయసులో ఎందుకొస్తారో' అన్నారు. ఆ మాట అన్నవారి మొహం నేను చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది.

నేను తిరిగి లైన్ చివరకు వెళ్లలేదు. అక్కడే వేపచెట్టు కింద సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాను. ఏడవలేదు. పడవలు లెక్కపెట్టాను. 34 ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, చేతికి అదే వస్తుంది. ఒక్కొక్క పడవలో ఇరవై సీట్లు. మూడు నిమిషాలకు ఒక పడవ. కానీ నిండా ఇరవై మంది కూర్చున్న పడవ ఒక్కటి కూడా వెళ్లలేదు. రెండేసి సీట్ల వరుసలు కదా, ముగ్గురు వచ్చిన కుటుంబం రెండు వరుసలు తీసుకుంటే ఒక సీటు ఖాళీ. ఐదుగురైతే మళ్లీ ఒకటి ఖాళీ. నేను చూస్తుండగా పది పడవలు వెళ్లాయి. పద్నాలుగు సీట్లు ఖాళీగా వెళ్లాయి. పద్నాలుగు! వాటిలో ఒక్కటి నాకు చాలు. నన్ను లైన్ చివరకు వెళ్లమన్న ఆ పూట, నేను కూర్చోగలిగిన సీటు ఖాళీగా నా కళ్ల ముందే నీళ్లలోకి జారుతోంది.

ఈ లెక్క నేను కనిపెట్టినది కాదు. విదేశాల్లో పెద్ద పార్కులు చాలాకాలం కిందటే గుర్తించి, కొన్ని ఆటల దగ్గర ఒంటరిగా వచ్చినవారికి వేరే లైన్ పెట్టాయి. మిగిలిపోయిన సీటు ఎక్కడ ఉంటే అక్కడ కూర్చోబెడతారు. పార్కుకు సీటు వృథా కాదు, ఆ మనిషికి ఎదురుచూపు తగ్గుతుంది. పెద్ద లైన్‌లో ఉన్నవారి నుంచి లాక్కున్నది కూడా ఏమీ లేదు. మన పార్కుల్లో నేను తిరిగిన చోట ఎక్కడా ఇది చూడలేదు. డబ్బు కడితే ముందుకు పంపే లైన్ మాత్రం ఉంది. డిస్నీ పార్కుల్లో 1999లో ఫాస్ట్‌పాస్ అని తెచ్చినప్పుడు దానికి విడిగా డబ్బు లేదు, ప్రవేశ టికెట్టు ఉంటే చాలు. 2021లో అమెరికాలోని ఆ పార్కుల్లో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. హైదరాబాద్‌లో 2016లో మొదలైన వండర్‌లాలో కూడా ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు ఉంది. కొనగలిగినవారు కొనుక్కోవచ్చు, నేను తప్పుపట్టను. ఖర్చు లేకుండా, ఎవరి వంతూ పోకుండా ఒంటరివారికి చేయగలిగిన పని ఒకటి ఉందనే నా బాధ.

మీకు ఇంకొక మాట చెప్పాలి. 1985లో డేవిడ్ మైస్టర్ అనే నిపుణుడు ఎదురుచూపు గురించి ఒక వ్యాసం రాశారు. పని ఉన్నప్పటి కంటే ఊరికే నిలబడినప్పుడు సమయం పొడవుగా తోస్తుందనీ, ఎంతసేపో తెలియని ఎదురుచూపు మరింత భారమనీ, అన్యాయం జరిగిందనిపిస్తే ఇంకా భారమనీ చెప్పి, చివరగా అన్నారు: గుంపులో కంటే ఒంటరిగా ఎదురుచూడటం పొడవుగా అనిపిస్తుందని. అది చదివి నేను చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాను. నా నడుమునొప్పిని ఎవరో నా కంటే ముందే రాసి పెట్టారు. తిరుమల కంపార్టుమెంట్లలో గంటలు గడిచినా ఎందుకు గడుస్తాయి? కూర్చోవడానికి చోటుంది, పాలిస్తారు, అన్నం పెడతారు, పక్కవాళ్లు గోవింద నామం అందుకుంటారు. మేడారంలో ఎవరైనా ఒంటరిగా ఉన్నారా? నిలువెత్తు బంగారం, అదే మన బెల్లం, నెత్తిన పెట్టుకుని గద్దెల వైపు నడుస్తుంటే ముందున్నవారెవరో తెలియకపోయినా మనవాళ్లే అనిపిస్తుంది. అక్కడ నిలబడటమే జాతర. రెండు నిమిషాల ఆట ముందు నిలబడటం అలాంటిది కాదు. ఆ రెండింటినీ ఒక గాటన కట్టి 'దేవుడి దగ్గర నిలబడలేదా, ఇక్కడ నిలబడితే ఏం' అనేవారికి నా దగ్గర వేరే సమాధానం లేదు.

మరి నిలబడాలా, వద్దా? చేతులెత్తండి, ఈ సభలో ఎంతమంది ఒంటరిగా, ఒక్క రోజైనా, కేవలం సరదా కోసం ఊరు దాటి వెళ్లారు? ఉద్యోగం పని మీద కాదు, పెళ్లికి కాదు. ఒకటి... రెండు... ఆ చివర ఒకరు. నలుగురు. ఆ నలుగురి కోసం చెబుతున్నాను. మిగతావారు రేపటి కోసం వినండి.

లైన్లోకి అడుగు పెట్టే ముందే లెక్క చూసుకోండి. టెలిఫోన్ కాల్స్ రద్దీ మీద కోపెన్‌హేగన్‌లో ఎర్లాంగ్ అనే గణితవేత్త 1909లోనే లెక్కలు కట్టారు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇంకా తేలిక: లైన్లో ఉన్నవారి సంఖ్యను, నిమిషానికి ఎక్కేవారి సంఖ్యతో భాగిస్తే నిలబడే సమయం వస్తుంది. పడవకు ఇరవై మంది, మూడు నిమిషాలకో పడవ, ముందు నాలుగు వందల మంది. ఇరవై పడవలు, గంట. బోర్డును నమ్మనక్కరలేదు, ఒక్క మలుపులో తలలు లెక్కపెట్టి మలుపులతో గుణించండి. ఆ గంట మీ దగ్గర ఉందా? నడుము ఒప్పుకుంటుందా? మధ్యలో వెళ్లవలసి వస్తుందా? ఒంటరి మనిషికి మొదట తేల్చుకోవలసినది ఈ చివరి ప్రశ్నే. గంట దాటితే నేను నిలబడను. పొద్దున గేటు తీసిన వెంటనే, నేను ఏ ఆట కోసం వచ్చానో దానికే నేరుగా వెళతాను. నీళ్ల ఆటలకు మధ్యాహ్నం జనం పోటెత్తుతారు కాబట్టి వాటిని అప్పుడు ముట్టుకోను. దసరా, సంక్రాంతి సెలవులు, ఆదివారాలు వద్దు. మంగళవారం, బుధవారం వెళ్లగలగడం ఒంటరివారికున్న గొప్ప భాగ్యం. సెలవు కుదిరిందా అని ఎవరినీ అడగనక్కరలేదు.

ఇంకొకటి. 'టికెట్టుకు అంత డబ్బు పెట్టాం కదా' అని చాలామంది నిలబడతారు. ఆ డబ్బు గేటు దగ్గరే అయిపోయింది. లైన్లో నిలబడితే తిరిగి రాదు, బయటికి వస్తే ఇంకా పోదు. మిగిలి ఉన్నది ఆ రోజు ఒక్కటే. దాన్ని ఎక్కడ ఖర్చు పెడతారో మీ ఇష్టం. సగం లైన్ నుంచి బయటికి వచ్చేసి చెట్టు కింద కూర్చుని సకినాలు తిన్నా అది మీ రోజే.

అసలు చెప్పదలచుకున్న మాట ఇది కాదు. నిర్వాహకులు గడియారం చూస్తున్నారు. ఇంకా ఐదు నిమిషాలు ఇవ్వండి.

పోయిన వానాకాలం నర్సంపేట వైపు మా తమ్ముడి ఊరికి వెళ్లాను. తెల్లవారుజామున యూరియా కోసం లైన్. వెళ్లి చూస్తే మనుషులు లేరు, చెప్పులు ఉన్నాయి. తెగిన హవాయి చెప్పులు, రబ్బరు బూట్లు, ఒక చోట చెప్పులు లేనివారు పెట్టిన రాయి, రాయి కింద పట్టాదారు పాస్‌బుక్కు జిరాక్సు. వాన చినుకులకు ఆ కాగితం తడిసి అంచులు పైకి లేచాయి. మనుషులు చెట్ల కింద, అరుగుల మీద కూర్చున్నారు. 45 కిలోల సంచి ఒక్కటి దొరకకపోతే పంట చేజారే పరిస్థితి. అంత అవసరంలో కూడా పక్కవాడి చెప్పును ఎవరూ జరపలేదు. ఒక ముసలాయన పశువులకు నీళ్లు పెట్టడానికి ఇంటికి వెళ్లాడు. లైన్ కదిలినప్పుడల్లా ఆయన చెప్పులను వెనుకవాడు చేత్తో తీసి ముందుకు పెట్టాడు. ఎవరి చెప్పులని అడిగాను. 'ఎవరో అమ్మా, నా ముందు నుంచి ఉన్నవి' అన్నాడు.

రైతులను అలా నిలబెట్టడం న్యాయమని నేను అనడం లేదు. ఆ లైనే ఉండకూడదు. కానీ ఆ మనిషి చెప్పుల మీద వంగిన తీరు నా కళ్లలో నుంచి పోవడం లేదు.

డిసెంబరులో మళ్లీ ఒక పార్కుకు వెళ్లాను. బుధవారం. వెనక్కి పరుగెత్తే రోలర్ కోస్టర్ కోసం నలభై నిమిషాల లైన్. నా ముందు హుజూరాబాద్ దగ్గరి పల్లె నుంచి ఒంటరిగా వచ్చిన అమ్మాయి, పరీక్షలు అయిపోయాయని వచ్చిందట. సగం దాటాక ఆ అమ్మాయిని అడిగాను, 'బిడ్డా, నా చోటు కాస్త చూస్తావా?' అని. ఆ అమ్మాయి నా భుజం మీది తువ్వాలు తీసుకుని తన వెనుక గొట్టం మీద వేసింది. వెనుకవాళ్ల వైపు తిరిగి, 'ఇది పెద్దమ్మ చోటు, ఆమె వస్తుంది' అని గట్టిగా చెప్పింది. నేను తిరిగి వచ్చేసరికి లైన్ రెండు మలుపులు జరిగింది. తువ్వాలు కూడా జరిగింది. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు, అమ్మాయి చేయి ఊపింది, వెళ్లాను. ఇద్దరం ఒకే వరుసలో కూర్చున్నాం. ఒక్క సీటు కూడా ఖాళీ పోలేదు.

పార్కుల యాజమాన్యాలకు ఒక ఉత్తరం రాశాను. రెండే కోరికలు. లైన్లో ఉన్న ఒంటరి మనిషి మధ్యలో బయటికి వెళ్లవలసి వస్తే, సమయం వేసిన చీటీ ఇచ్చి తిరిగి రానివ్వాలి. మిగిలే సీట్ల కోసం ఒంటరివారికి వేరే లైన్ పెట్టాలి. ఆ ఉత్తరం తలుపు పక్క బల్ల మీద ఉంది, కింద సంతకాలకు చోటు వదిలాను. కలం దారంతో కట్టి ఉంది. భోజనాలకు వెళ్లే ముందు ఒకసారి అక్కడ ఆగండి.