కారవాన్ కట్టే ముందు కాంటా ఎక్కించండి

[దృశ్యం: తెల్లవారుజాము. మిర్యాలగూడ రైస్ మిల్లు పక్కన ధర్మకాంట. వడ్ల లారీల వరుసలో ఒక కారు, దాని వెనుక చిన్న తెల్ల కారవాన్.]

నమస్తే. వడ్ల లారీల మధ్య ఈ కారవాన్, అంటే కారు వెనుక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, ఎందుకు నిలబడిందంటే, తూకం వేయించడానికి. సోలార్ ఎన్ని వాట్లు పెట్టాలి, ఫ్రిజ్ ఏ సైజు కొనాలి, బెడ్ ఎటు వైపు ఉండాలి అని చాలామంది నన్ను అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే. మీ బండి బరువెంత? సామానంతా ఎక్కించి, నీళ్లు నింపాక ఎంత? ఆ అంకె చేతిలో లేకుండా కారుకు గానీ కారవాన్‌కు గానీ ఏ మార్పూ చేయించవద్దు. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో ముందు చెప్తాను.

[దృశ్యం: ఎన్‌హెచ్ 44, జడ్చర్ల దాటాక. కారు ముందు అద్దంలోంచి రోడ్డు.]

మా మొదటి ప్రయాణం ఆలంపూర్‌కు. జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకుని, తుంగభద్ర ఒడ్డున ఒక రాత్రి ఉండి రావాలని బయలుదేరాం. జడ్చర్ల దాటాక స్పీడు 85 దగ్గర ఉంది. పక్క నుంచి ఒక బస్సు వేగంగా దాటిపోయింది. ఆ గాలికి కారవాన్ వెనుక భాగం కొంచెం ఊగింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఒక్కో ఊపుకీ ఇంకా పెద్దదవుతోంది. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది కానీ, కారు మాత్రం కారవాన్ లాగిన వైపే పోతోంది. వెనుక సీట్లో మా అమ్మ, ఇద్దరు పిల్లలు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని ఉండిపోయాను. 60కి దిగాక సర్దుకుంది.

ఇలాంటప్పుడు చేయాల్సింది కూడా అదే. కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. ఊపుకు ఎదురుగా స్టీరింగ్ తిప్పకూడదు. స్పీడు పెంచి లాగేద్దామని అసలే అనుకోకూడదు. కారవాన్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులు ఉండి, డ్రైవర్ దగ్గర కంట్రోలర్ ఉంటే, కారవాన్ బ్రేకు ఒక్కటే మెల్లగా వేయాలి. వెనుక నుంచి పట్టి లాగినట్టయి బండి వరుసలోకి వస్తుంది.

రోడ్డు పక్కన ఆపి చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. బండి తయారుచేసిన వర్క్‌షాప్‌లో, ఖాళీ ఉంది కదా అని 100 లీటర్ల నీళ్ల ట్యాంకును చిట్టచివర, వెనుక మూలన బిగించారు. దాని వెనుక నేను రెండు సైకిళ్లు కట్టాను. బరువంతా ఇరుసుకు వెనకే.

[దృశ్యం: ఎడ్లబండి బొమ్మ. ఇరుసు, నొగ, కాడి ఒక్కొక్కటిగా వెలుగుతాయి. పక్కనే కారవాన్ బొమ్మ.]

ఎడ్లబండి తోలిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే అడగండి, బండి నింపేటప్పుడు బరువు ఎటు ఉండాలో చెప్తారు. ఇరుసుకు కొంచెం ముందుకు ఉండాలి. వెనక్కి పోతే కాడి పైకి లేచి ఎడ్ల మెడ కింద పట్టీ బిగుసుకుంటుంది. మరీ ముందుకు వస్తే భారమంతా మెడ మీద పడి ఎడ్లు నడవలేవు. కురుమూర్తి జాతరకూ చెరువుగట్టు జాతరకూ గూడు బండ్లు కట్టుకుని, దారిలో వండుకు తింటూ పోయినవాళ్లకు ఇది పుస్తకం చూడకుండానే తెలుసు.

కారవాన్‌లో నొగ స్థానంలో డ్రాబార్ ఉంటుంది. కాడి స్థానంలో కారు వెనుక టో బాల్, అంటే కారవాన్‌ను తగిలించే ఇనుప గుండు, ఉంటుంది. ఆ బాల్ మీద కిందికి పడే బరువు ఎంత ఉండాలన్నదే అసలు లెక్క. యూరప్‌లో నిండు కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం అంటారు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో 10 శాతం, ఆపైన కూడా అంటారు. నేను 10కి దగ్గరగా ఉంచుతాను, అదీ కారు కంపెనీ చెప్పిన పరిమితి దాటకుండా. ఆ రోజు నా బండిలో 1,050 కిలోలకు బాల్ మీద ఉన్నది 35 కిలోలే. అంటే 3 శాతం కొంచెం దాటిందంతే. ట్యాంకును ఇరుసు పైకి మార్చి, సైకిళ్లను కారు పైకప్పు మీదికి ఎక్కించాక 95కి వచ్చింది. బండి మళ్లీ ఊగలేదు.

[దృశ్యం: ధర్మకాంట ప్లాట్‌ఫామ్ మీద మూడు తూకాలు, ఒకదాని తర్వాత ఒకటి.]

ఇప్పుడు తూకం. మూడు చీటీలు తీసుకోండి. మొదటిది, కారూ కారవానూ కలిపి. రెండోది, కారును ప్లాట్‌ఫామ్ దాటించి, కారవాన్ చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా, తగిలించిన కొక్కెం విప్పకుండా. మూడోది, కారు విప్పేసి కారవాన్ ఒక్కటే, ముందు చిన్న చక్రంతో సహా. మూడో అంకెలోంచి రెండోది తీసేస్తే బాల్ మీద బరువు వస్తుంది. కానీ లారీ కాంటా సాధారణంగా 10 కిలోల మెట్టులో చూపిస్తుంది. 95 కిలోల లెక్కకు అది చాలదు. అందుకని ఆ ఒక్క తూకాన్ని పత్తి తూచే ఎలక్ట్రానిక్ కాంటా మీద వేస్తాను. బండిని సమంగా నిలబెట్టి, చక్రాలకు అడ్డం పెట్టి, డ్రాబార్ కొస కింద గట్టి కర్రముక్క నిలబెట్టి దించితే అంకె కచ్చితంగా వస్తుంది.

[దృశ్యం: కారు పక్క నుంచి. వెనుక చక్రం నుంచి టో బాల్ దాకా గీత, దాని మీద కొలత.]

ఇక కారు. 100 కిలోలు బాల్ మీద పెడితే వెనుక చక్రాల మీద 100 పడుతుందనుకుంటాం. కాదు. బాల్ వెనుక ఇరుసుకు 1.2 మీటర్లు అవతల ఉంది, రెండు ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లు అనుకోండి. వెనుక ఇరుసు మీద సుమారు 144 కిలోలు పడుతుంది. ముందు చక్రాల మీద నుంచి 44 కిలోలు లేచిపోతుంది. స్టీరింగ్ తేలికయ్యేది, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడేది ఇందుకే.

దీనికి చాలామంది వెనుక స్ప్రింగులు మార్పిస్తారు, లేదా స్ప్రింగులకు తోడుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయిస్తారు. కారు వెనుక భాగం లేచి సమంగా కనిపిస్తుంది. కానీ ఇరుసు మోయగల బరువు ఒక్క కిలో కూడా పెరగదు, ముందు చక్రాలకు పోయిన బరువూ తిరిగి రాదు. ముందుకు బరువు పంపేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అనే వేరే ఏర్పాటు. మీ కారుకూ డ్రాబార్‌కూ అది సరిపోతుందని తెలిశాకే పెట్టించండి.

కారు మోయగల బరువులోనే బాల్ బరువు కూడా కలుస్తుందని గుర్తుంచుకోండి. కారుకు 500 కిలోల పరిమితి ఉందనుకుందాం. నలుగురు మనుషులు 280, డిక్కీలో సామాను 100, టో బాల్‌ను పట్టి ఉంచే టో బార్ 30, బాల్ మీద 100. మొత్తం 510. డిక్కీ సగం ఖాళీగా కనిపిస్తుంటుంది, కారు మాత్రం పరిమితి దాటేసి ఉంటుంది.

ముందుగా ఓనర్ మాన్యువల్ తెరవండి. మన దగ్గర అమ్మే చాలా కార్లకు లాగుడు బరువు రాసి ఉండదు. రాయలేదంటే ఆ కారుతో లాగకండి. ఇంజిన్‌కు బలం ఉంది కదా అంటే కుదరదు. బ్రేకులు, గేర్‌బాక్సు, కూలింగ్, ఛాసిస్ అన్నీ ఆ బరువుకు తగ్గట్టు ఉండాలి. టో బార్‌ను బంపర్‌కు వెల్డింగ్ చేయించకండి, ఛాసిస్‌కు బోల్టులతోనే బిగించాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కాబట్టి ఏ మార్పుకైనా ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి. కారవాన్‌కు విడిగా రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేటు, ఇన్సూరెన్స్ ఉండాలి. అందంగా ఉంటాయని కారు ముందు ఇనుప బుల్ బార్లు బిగిస్తుంటారు, వాటిని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే వద్దంది.

[దృశ్యం: హిచ్ దగ్గరగా. గొలుసులు, బ్రేక్ అవే కేబుల్.]

రెండు సేఫ్టీ గొలుసులనూ డ్రాబార్ కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటేలా తగిలించండి. బాల్ నుంచి ఊడితే కొస నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది. బ్రేక్ అవే కేబుల్‌ను బాల్‌కు కాకుండా కారుకు విడిగా కట్టాలి. కారవాన్ పూర్తిగా విడిపోతే ఆ కేబులే దాని బ్రేకులు వేస్తుంది.

[దృశ్యం: కారవాన్ లోపల. బ్యాటరీ, వైర్లు, ఫ్యాన్.]

కరెంటు విషయంలో మన ఎండలే పెద్ద చిక్కు. నల్గొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 1,280 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది. ఏసీ వేస్తే గంట, గంటంపావుకే అయిపోతుంది. అదే 30 వాట్ల ఫ్యాను రాత్రంతా తిరిగినా పావువంతు కూడా ఖర్చు కాదు. అందుకే నేను ఏసీ పెట్టించలేదు. పైకప్పుకు ఇన్సులేషన్, రెండు వైపులా కిటికీలు, మంచి ఫ్యాను పెట్టించాను. ఎండ ముదిరిన నెలల్లో బండి బయటికి తీయను. బ్యాటరీని బయట ఇనుప పెట్టెలో పెడితే ఎండకు ఉడికిపోతుంది, లోపల గాలి ఆడేచోట పెట్టండి. సోలార్ ప్యానెల్‌ను పైకప్పుకు అంటించకుండా కింద గాలి సందు వదలండి. వేడెక్కిన ప్యానెల్ తక్కువ కరెంటిస్తుంది.

వైరు సంగతి ఎవరూ పట్టించుకోరు. కారు బ్యాటరీ నుంచి కారవాన్ ఫ్రిజ్‌కు 6 మీటర్లు, రానూ పోనూ 12 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 10 ఆంపియర్లు పంపితే దారిలోనే దాదాపు 0.9 వోల్టు పోతుంది. ఫ్రిజ్ ఆగిపోతే ఫ్రిజ్ పాడైందనుకుంటాం. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 0.2 వోల్టే. కొత్త కార్లలో ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వోల్టేజ్ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది కాబట్టి, మధ్యలో ఆ వోల్టేజ్‌ను సరిచేసి ఇచ్చే డీసీ టు డీసీ చార్జర్ ఉంటేనే కారవాన్ బ్యాటరీ నిండుతుంది.

వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పేరుకుంటుంది. కాబట్టి పైన కిటికీ ఎంత పెద్దదైనా చాలదు, నేల మట్టంలోనే బయటికి పోయే రంధ్రం ఉండాలి.

[దృశ్యం: ఇరుసు పైన బిగించిన నీళ్ల ట్యాంకు. పక్కన తాగునీటి డబ్బా.]

నీళ్ల దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది మన నల్గొండ జిల్లా గాయం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను ఎలా వంచేసిందో కళ్లారా చూసినవాళ్లం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మామూలు ఫిల్టరు కూడా దాన్ని ఆపలేదు. దారిలో కనిపించిన ప్రతి బోరు దగ్గరా తాగడానికి నింపుకోకండి. నేను ట్యాంకు నీళ్లను స్నానానికి, గిన్నెలకు వాడతాను. తాగడానికీ వంటకూ ఇంటి దగ్గర పట్టిన ఆర్ఓ నీళ్లు 20 లీటర్ల డబ్బాల్లో రెండు వేరే పెడతాను. ఒక లీటరు ఒక కిలో కాబట్టి ఆ డబ్బాలు కూడా తూకం లెక్కలో ఉండాలి.

[దృశ్యం: ఊరి రోడ్డు. ఒక వైపంతా ఆరబోసిన వడ్లు, అంచున రాళ్లు.]

కోతల రోజుల్లో కల్వకుర్తి, దేవరకొండ, హాలియా వైపు వెళ్తే రోడ్డుకు ఒక వైపంతా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టి ఉంటారు. అది రైతు ఆరు నెలల కష్టం, మనమే సర్దుకుని పోవాలి. కారవాన్ కారు కంటే వెడల్పు కాబట్టి పొడుగు చేతుల అద్దాలు లేకుండా అక్కడ వెనుక చక్రం ఎక్కడుందో తెలియదు. రంగు వేయని స్పీడ్ బ్రేకర్ల దగ్గర దాదాపు ఆగి దాటండి. రాత్రి బస చేసే చోట నేల చూడండి. చెల్క నేల వానకు తట్టుకుంటుంది. నల్లరేగడిలో ఒక్క జల్లు పడితే ట్రాక్టర్ పిలవాల్సిందే.

శ్రీశైలం వెళ్లేవాళ్లకు ఒక మాట. మన్ననూరు గేటు దగ్గర అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. దోమలపెంట దాటాక డ్యామ్ దాకా దిగే మలుపులు చాలా ఇరుకు. నేను కారవాన్‌ను మన్ననూరులో వదిలి కారుతోనే వెళ్తాను.

[దృశ్యం: డిండి కట్ట పక్కన ఆగిన కారవాన్. చక్రం దగ్గర కూర్చున్న మనిషి చెయ్యి.]

కారవాన్ టైర్లు అరగక ముందే ఎండకు పాతబడతాయి. పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటితే గీతలు బాగున్నా మార్చేయండి. గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. మధ్యాహ్నం వేడికి పెరిగిందని తీసేయకండి.

బయలుదేరిన 20, 30 కిలోమీటర్లకు ఒకసారి ఆపండి. చక్రాల బోల్టులు బిగించండి, గొలుసులు చూడండి, తర్వాత ప్రతి చక్రం మధ్యలో హబ్‌కు చెయ్యి దగ్గరగా పెట్టి, వేడి తెలిశాక మెల్లగా తాకి చూడండి. రెండు వైపులా ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. ఒక వైపు చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే బేరింగ్ పోతోందనో, బ్రేకు పట్టేసిందనో అర్థం. అక్కడే ఆపి మెకానిక్‌ను పిలిపించండి.